పదిహేడున్నర

పదిహేడున్నర. పదిహేడు కాదు, పద్దెనిమిదీ కాదు, పదిహేడున్నర. మా అమెరికా ఫుట్‌బాల్ పుట్టిన దగ్గర్నుంచి అర పాయింటు చేసిన మగాడు లేడు, ఇకముందు ఉండడు, మరి ఆ అర ఎందుకు తగిలించారయ్యా అంటే సమానం కాకుండా ఉండటానికట, ఎవడో ఒకడు ఓడి తీరాలట. హార్మన్ స్టేట్ కాలేజీ వాళ్ళు ఇవాళ డెల్టన్ మీద గెలిస్తే చాలదు, కనీసం పద్దెనిమిది పాయింట్ల తేడాతో గెలవాలి, అప్పుడే హార్మన్ అని రాసినవాడిది ఒప్పు. పదిహేడుతో గెలిచి ఊరంతా ఊరేగినా సరే, మా షాపు అద్దం మీద మాత్రం డెల్టన్ అని రాసినవాడే మొనగాడు. గడియారం పదీ పది చూపిస్తోంది. ఆట పదకొండింటికి. నా ముందు కుర్చీలో చర్చి పెద్ద డీకన్ టాల్బర్ట్ గారు మెడ దాకా గుడ్డ కప్పుకుని కళ్ళు మూసుకున్నారు, నా చేతిలో మెషిన్ జుయ్యిమంటోంది, నా కోటు జేబులో కాగితం ఖాళీగా ఉంది. ఖాళీగా ఉందని ఈ గదిలో ప్రతి వెధవకీ తెలుసు.

ఎలా తెలియకుండా ఉంటుంది, అద్దం నిండా కాగితాలే కదా. తొమ్మిది కాగితాలు అంటించి ఉన్నాయి, పదోదానికి చోటు వదిలి ఉంది, ఆ చోట్లో నా మొహమే నాకు కనపడుతోంది, చూడలేక చస్తున్నాను. మా షాపు పద్ధతి ఇది: వారానికి ఒక్క ఆట, మన ఊరి పిల్లలు ఆడే హార్మన్ ఆటే, రిటైరైన లెక్కల మాస్టారు లైల్ గారు బుధవారం కాగితాల మీద అంకె వేసి పట్టుకొస్తారు, శనివారం ఆట మొదలయ్యేలోపు ఎవరిది వాళ్ళు పెన్సిల్‌తో రాసి అద్దానికి అంటించాలి, గంట కొట్టేదాకా దిద్దుకోవచ్చు. పైసా పందెం లేదు. సీజన్ అయ్యేసరికి ఎవరివి ఎక్కువ ఒప్పులుంటే వాళ్ళ ఫోటో ఫ్రేము కట్టి ఆ గోడకి కొడతాం, ఇక తియ్యం; సమానమైతే అంతకుముందు గెలిచినవాడిదే. పంతొమ్మిది ఫోటోలున్నాయి గోడ మీద. బర్డెట్‌వి నాలుగు, నాలుగింట్లోనూ అదే పళ్ళికిలింపు. లైల్ మాస్టారివి ఆరు. నాలుగేళ్ళ కిందట పోయిన ముసలి హార్వెల్‌ది కూడా ఒకటుంది, ఆయన చివర్లో కళ్ళు కనపడక చెయ్యి ఎటు పడితే అటు రాసేవాడు. షాపు నాది, గోడ నాది, మేకులు కొట్టింది నేను, ఫోటోల అద్దాలు తుడిచేది నేను, నా ఫోటో మాత్రం లేదు. ఈ ఏడాది మొదటిసారి, పదకొండు వారాలకి ఎనిమిది ఒప్పులతో నేనూ బర్డెట్ సమానంగా నిలబడ్డాం. ఇవాళ్టిది చివరి ఆట. బర్డెట్ హార్మన్ అని రాశాడు. నేను డెల్టన్ అని రాసి అది నిజమైతే గోడ మీదికెక్కుతాను.

నేనెప్పుడూ డెల్టన్ అనో ఇంకోటనో రాయలేదు. మూడేళ్ళుగా, నా కొడుకు క్వింటన్ ఆ జట్టులోకి వెళ్ళిన దగ్గర్నుంచి, ప్రతి శనివారం పొద్దున షాపు తాళం తీసి దీపం కూడా వెయ్యకముందే హార్మన్ అని పెద్దక్షరాలతో రాసి అద్దం నడిమధ్య అంటించేసేవాణ్ణి. ఎవడైనా వేరే రాస్తే వాడి జుట్టు సగం కత్తిరించి పంపిస్తానని బెదిరించేవాణ్ణి. ఇవాళ పొద్దున కూడా పెన్సిల్ పట్టుకున్నాను. హ రాయబోతే చెయ్యి ఆగిపోయింది. ఆగకపోతే ఈ పాటికి హాయిగా ఉండేవాణ్ణి కదా, ఆగింది, అంతలో లైల్ మాస్టారు తలుపు కొట్టారు, కాగితం జేబులో కుక్కేశాను, ఆయన ఆ కుక్కడం చూశారు. నలభై ఏళ్ళు పిల్లలు చీటీలు దాచడం చూసిన కళ్ళు అవి.

ఇదంతా ఆ గాడిద వల్ల. గురువారం సాయంత్రం ఫోన్ చేశాడు, నేను వంటింట్లో క్యాట్‌ఫిష్ వేయిస్తున్నాను, మా ఆవిడ నడీన్ ఇంకా చర్చి పాటల ప్రాక్టీసు నుంచి రాలేదు. ఏంట్రా గొంతు అలా ఉందంటే, ఏం లేదు నాన్నా, వారమంతా బంతి జారిపోతోంది, నా తప్పంటున్నారు, నా తప్పు కాదు అన్నాడు. వాడు సెంటర్, వంగి కూర్చుని బంతిని కాళ్ళ మధ్య నుంచి వెనకున్న క్వార్టర్‌బ్యాక్, అంటే దాన్ని విసిరి ఆట నడిపేవాడి చేతికి అందించేవాడు, బంతి జారిందంటే అందరూ ముందు చూసేది వాడివైపే. మరి ఎవడి తప్పురా అన్నాను. అక్కడ నోరు మూసుకోవచ్చు కదా నేను, లేదు, అడిగాను. క్వార్టర్‌బ్యాక్‌గాడి బొటనవేలు విరిగింది నాన్నా, కుడిచెయ్యి, సోమవారం, సాసేజ్‌లా వాచిపోయింది, రెండు మూడుసార్లు ఆడించి తర్వాత మొదటి ఏడాది పిల్లాణ్ణి దించుతారు, ఆ పిల్లాడికి జట్టు సంకేతాలే సరిగ్గా రావు, అని గడగడా చెప్పేశాడు. చెప్పి ఆగాడు. నాన్నా, నేనేం చెప్పలేదు, సరేనా? అన్నాడు. నేనేం వినలేదు అన్నాను. బాణలిలో చేప మాడిపోయింది.

వాడు జట్టుకి సంతకం పెట్టిచ్చిన కాగితం సంగతి నాకు తెలుసు, అదే నా తల పగలగొడుతున్నది. ఆగస్టులో వాడు ఇంటికొచ్చినప్పుడు చూపించాడు, మూడు పేజీలు, కింద సంతకం. ఎవరికి దెబ్బ తగిలింది, ఎవరు ఆడతారు, ఎవరు ఆడరు అనే మాట జట్టు గది దాటి బయటికొస్తే, అది పందేలవాళ్ళ చెవిన పడితే, చెప్పినవాడు జట్టులో ఉండడు. జట్టులో లేకపోతే ఫీజు మాఫీ లేదు, మాఫీ లేకపోతే చదువు లేదు, ఇంకా మూడు సెమిస్టర్లున్నాయి వాడికి, లెక్కల టీచరవుతాడట, లైల్ మాస్టారి లాగా. కన్నతండ్రికి చెప్పినా నేరమేనా అని అప్పుడు వెక్కిరించాను. తండ్రి బార్బరైతే మరీ నేరం నాన్నా అన్నాడు వాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

"వర్నెల్ అన్నా," అన్నాడు బర్డెట్ కిటికీ పక్క కుర్చీలోంచి, కాళ్ళు చాపి, పాతకార్లు అమ్మేవాడి నవ్వొకటి మొహానికి తగిలించుకుని. "పెన్సిల్ అరిగిపోయిందా ఏంటి? నా దగ్గరుంది, ఇమ్మంటావా?"

"నీ దగ్గరున్నవన్నీ ఎవడో వాడి వదిలేసినవే కదరా," అన్నాను. అందరూ నవ్వారు. బర్డెట్ కూడా నవ్వాడు, కానీ కళ్ళు నా జేబు మీదే ఉన్నాయి. ఈ గదిలో బయట నిజం పందేలు కాసేవాడు వాడొక్కడే. మోంట్‌గోమరీలో పందేలు రాసుకునేవాడెవడో ఉన్నాడు వాడికి, ఫోన్ చేస్తే చాలు.

ఇప్పుడు తీసి హార్మన్ అని రాసేస్తే అయిపోతుంది. అదే కదా వర్నెల్, తెలివున్నవాడు చేసేది అదే. ఎవడికీ అనుమానం రాదు, మూర్ఖపు తండ్రి ఎప్పట్లాగే మూర్ఖంగా రాశాడనుకుంటారు. కానీ ఓడిపోయే దానికి తెలిసి తెలిసి సంతకం పెట్టాలా? బర్డెట్ పళ్ళికిలింపు ఐదోసారి ఫ్రేము కట్టి నా చేత్తో నేనే మేకు కొట్టాలా? డెల్టన్ అని రాస్తే మాత్రం అది చాటింపు వేసినట్టే, సెంటర్ తండ్రి సొంత జట్టుకి వ్యతిరేకంగా రాశాడంటే లోపల ఏదో ఉందని చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది. మానేస్తే? ఖాళీ కాగితం అంటిస్తే? అది డెల్టన్ కంటే అన్యాయం. ఏభై రెండేళ్ళొచ్చాయి, మోకాళ్ళు నొప్పి, ఇంటి కప్పు కారుతోంది, నేను ఆలోచిస్తున్నదేమో గోడ మీద ఫోటో గురించి. సిగ్గు లేదు నాకు. ఉన్నా ఆ ఫోటో కావాలనే ఉంది. నీలం కోటు వేసుకుని దిగాలని కూడా సెప్టెంబరులోనే అనుకున్నాను.

బొటనవేలు. క్వింటన్‌కి బంతి అందించడం నేర్పింది నేను. షాపు వెనక కార్లు ఆపే చోట, వాడికి తొమ్మిదేళ్ళు, అప్పటికే పీపాలా ఉండేవాడు, పరిగెత్తించే ఆటలకి ఎవడూ పిలిచేవాడు కాదు, ఏడుస్తూ వచ్చాడు. వంగోరా అన్నాను. వాడి వెనక నేను చేతులు చాపి నిలబడ్డాను, నంబర్లు అరిచాను, నా వేళ్ళు విరిగేలా కొట్టాడు బంతిని. కుడి బొటనవేలికే తగిలింది, వారం రోజులు కత్తెర పట్టుకోలేకపోయాను, గిరాకీలందరికీ మెషిన్‌తోనే లాగించాను, నడీన్ నా చేతికి ఐసు కడుతూ నన్నూ వాణ్ణీ కలిపి తిట్టింది. అందుకే నాకు తెలుసు. ఆ వేలు లేకపోతే బంతి చేతికి అంటదు, విసిరితే తిరగదు, ఎక్కడికి పోతుందో దేవుడికి కూడా తెలియదు. అలాంటి చేతికి పద్దెనిమిది పాయింట్లు! డెల్టన్ వాళ్ళేమీ బడిపిల్లలు కారు, గట్టిగా గుద్దేవాళ్ళు. గెలిస్తే హార్మన్ ఏ మూడుతోనో ఆరుతోనో గెలుస్తుంది. నాకు తెలుసు. ఈ ఊళ్ళో నాకొక్కడికే తెలుసు.

"నాయనా," అన్నారు డీకన్ గారు కళ్ళు మూసుకునే. "చెవి పక్కన ఒక్కచోటే మూడుసార్లు తిప్పావు. నేను నున్నగా చెయ్యమనలేదు."

చూద్దును కదా, నిజమే, చెవి మీద నాణెమంత మేర తెల్లగా మెరుస్తోంది. క్షమించండి డీకన్ గారూ, అని రెండోవైపు కూడా అంతే తీసేశాను, లేకపోతే రేపు చర్చిలో పాటలవాళ్ళంతా ఆ చెవినే చూస్తారు. పంతొమ్మిదేళ్ళలో ఆయన తల పాడుచెయ్యడం ఇదే మొదటిసారి. ఆ విషయం ఆయనకీ తెలుసు. కళ్ళు తెరిచి అద్దంలో నన్ను చూశారు, అరనిమిషం చూశారు, పాపం చేసినవాణ్ణి ప్రార్థనలో చూసినట్టు చూసి మళ్ళీ మూసుకున్నారు. ఈయన పందెం అనే మాట వింటేనే చెవులు మూసుకుంటారు, కాగితం మాత్రం ప్రతివారం నింపుతారు, అందులో పైసా లేదు కాబట్టి దేవుడికి అభ్యంతరం లేదంటారు.

టీవీలో కోటు తొడుక్కున్న కుర్రాడొకడు హార్మన్ జట్టులో ఎవరికీ దెబ్బల్లేవని, అందరూ సిద్ధమని పళ్ళన్నీ చూపిస్తూ చెబుతున్నాడు. లైల్ మాస్టారు అది విని టీవీ వైపు చూడలేదు, నా చేతి వైపు చూశారు. నా చెయ్యి ఆగింది. ఎందుకాగాలి అది? మెషిన్ నడుస్తూనే ఉంది, చెయ్యి గాల్లో నిలబడిపోయింది, నేను చూస్తూనే ఉన్నాను దాన్ని, ఎవరిదో చెయ్యిలా. ఈ నోట్లో ఊరి రహస్యాలెన్ని ఉన్నాయో లెక్కే లేదు, ఎవడి పెళ్ళాం ఎవడితో మాట్లాడుతోంది, ఎవడి కిడ్నీలు పోయాయి, ఏ పాస్టర్ గారికి తలకి రంగెవరు వేస్తారు, అన్నీ ఈ కుర్చీలోనే విన్నాను, ఒక్కటీ తలుపు దాటనివ్వలేదు. మా నాన్న అంతకంటే గట్టివాడు, ఆయన కుర్చీలో కూర్చున్నవాళ్ళు జైలుకెళ్ళొచ్చినా ఆయన మొహంలో గీత కదిలేది కాదు. నోరు కాపాడుకోవడం మా ఇంటి విద్య అనుకున్నాను. చేతిని కూడా కాపాడుకోవాలని ఎవరూ చెప్పలేదు నాకు.

ఫోన్ మోగింది, నడీన్, స్టేడియం నుంచి. "మన అబ్బాయి ఇప్పుడే బయటికొచ్చాడు, భలే ఉన్నాడు, నీకు కనపడ్డాడా? నీ ఫోటోకి కోటు ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టొచ్చాను, చూశావా?" వెనక బ్యాండు మోత. చూశాను అన్నాను. "ఏమైంది, గొంతు అలా ఉందేంటి?" ఏమీ కాలేదు, పని ఉంది, పెట్టెయ్ అని కసిరాను. దానికి చెప్పలేదు నేను. చెబితే పాపం ఎవరికీ చెప్పదు, కానీ ఎవరికీ చెప్పకుండా ఉండటానికి ఎంత అవస్థ పడుతుందో చూసినవాళ్ళందరికీ తెలిసిపోతుంది. నేనేమో మహా గట్టివాణ్ణనుకున్నాను.

పదీ నలభై ఎనిమిది. డీకన్ గారి మెడ మీద పౌడరు అద్ది గుడ్డ తీశాను. చాలు, ఇక చాలు, గంట నుంచి ఒక పిచ్చి అంకెతో కుస్తీ పడుతున్నాను, వాడు నా కొడుకు, ఫోటో గంగలో కలవనీ. జేబులోంచి కాగితం తీసి, నలిగిన మడతలు తొడ మీద సాపు చేసి, హార్మన్ అని రాశాను, పొద్దున చెయ్యి ఆగిన చోటే, పెన్సిల్ ముల్లు విరిగేంత గట్టిగా. తీసుకెళ్ళి అద్దానికి అంటించాను. "అదీ!" అని అరిచాను, ఎప్పట్లాగే. "డెల్టన్ అన్నవాడి తల సగమే గొరుగుతా, జాగ్రత్త!" ఎప్పట్లాగే అందరూ నవ్వాలి. ఎవరూ నవ్వలేదు.

"మంచి తండ్రివి వర్నెల్," అన్నారు లైల్ మాస్టారు మెల్లగా.

ఆ మాట ఎందుకన్నారో ముందు అర్థం కాలేదు. తర్వాత కాగితం సరిగ్గా అతికిందా లేదా అని అద్దం వైపు తిరిగాను. లైల్ మాస్టారి కాగితం మీద హార్మన్ లేదు. అక్కడ రబ్బరుతో రుద్దిన మసక ఉంది, దాని మీద ముత్యాల్లాంటి అక్షరాలతో డెల్టన్. పక్కది డెల్టన్. దాని కిందది డెల్టన్. ఎప్పుడు దిద్దారు? నేను సబ్బు నురగ కలపడానికి వెనక్కి వెళ్ళినప్పుడా? నడీన్‌తో మాట్లాడినప్పుడా? డీకన్ గారు కూడా అద్దం దగ్గరికెళ్ళి, మెడ మీద పౌడరు ఇంకా అలాగే ఉండగా, జేబులోంచి పొట్టి పెన్సిల్ తీసి నా కళ్ళముందే కొట్టేసి రాస్తున్నారు, నాకు వీపు చూపిస్తూ. తొమ్మిదికి తొమ్మిది. నేనొక్క మాట అన్నానా? ఒక్క మాట! గంటసేపు నోరు కుట్టేసుకుని కూర్చున్నాను కదా, పొద్దున్నే దీపం వెయ్యకముందే రాసిపారేసి నోరు పారేసుకునుంటే ఎవడికీ ఏమీ తెలిసేది కాదు కదా. ఈ మొహాలు మూడేళ్ళుగా ఎదురు చూసినట్టున్నాయి, నేను ఒక్క శనివారం ఆలోచిస్తే చాలని.

బర్డెట్ కుర్చీ ఖాళీగా ఉంది. తలుపు బయట, గాజుకి వీపు ఆనించి నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు. డీకన్ గారు వెళ్ళడానికి తలుపు తీశారు, వాడి గొంతు లోపలికొచ్చింది.

"...లేదన్నా, ఎవడూ చెప్పలేదు, ఒట్టు. డెల్టన్ వైపు, ఆ, మొత్తం డబ్బు. నాకెలా తెలుసా? ఆ సెంటర్ కుర్రాడు లేడూ, పెట్వే, వాళ్ళ నాన్న షాపులోంచే మాట్లాడుతున్నా. చాలా నీకు?"

తలుపు మూసుకుంది. పెట్వే. మోంట్‌గోమరీలో నేను మొహం చూడని ఒకడి చెవిలో నా కొడుకు పేరు పడింది, ఆట మొదలవకముందే పడింది. పరిగెత్తుకెళ్ళి ఫోన్ లాక్కుందామా? లాక్కుంటే నిజమేనని చెప్పినట్టు. వాడి గొంతు పట్టుకుందామా? అదీ అంతే. నేనేం చేసినా అది ఇంకో మాటే అవుతుంది. ఇప్పుడు హార్మన్ మూడుతోనో ఆరుతోనో గెలిచిందనుకో, వీళ్ళంతా మొనగాళ్ళవుతారు, బర్డెట్ గెలుస్తాడు, మోంట్‌గోమరీవాడు నష్టపోతాడు, నష్టపోయినవాడు ఊరుకోడు, ఎవడు చెప్పాడు నీకు అని మళ్ళీ అడుగుతాడు, ఈసారి గట్టిగా అడుగుతాడు, ఆ మాట ఎక్కడికి పోవాలో అక్కడికే పోతుంది, మూడు పేజీల కింద సంతకం దాకా. అదే పద్దెనిమిది చేశారనుకో, బర్డెట్ మొహం మాడుతుంది, వర్నెల్‌ని నమ్మి చెడ్డామని వీళ్ళంతా నన్ను తిట్టుకుంటారు, ముసలోడికి మోకాలు నొప్పి పుట్టి చెయ్యి ఆగిందంతే అంటారు, ఇంక ఎవడూ ఎవడినీ ఏమీ అడగడు. విరిగిన వేలితో, సంకేతాలు రాని పిల్లాడితో, పద్దెనిమిది.

పదకొండయింది. బర్డెట్ లోపలికొచ్చి, నా వైపు చూడకుండా కూర్చుని, కోడి రెక్కల డబ్బా మూత తీశాడు. టీవీలో జట్టు బరిలోకి పరిగెత్తుకొచ్చింది, ముందు వరసలో మధ్యన అరవై రెండో నంబరు, నా క్వింటన్, కెమెరా వాడి మొహం మీదికొచ్చింది, హెల్మెట్ చువ్వల వెనక నవ్వుతున్నాడు. షాపంతా లేచింది. డెల్టన్ అని రాసుకున్న తొమ్మిది మందిలో ఉన్నవాళ్ళంతా మనోడు, మన క్వింటన్ అని ఈలలు వేసి, ప్రతివారం కంటే గట్టిగా చప్పట్లు కొట్టారు, బర్డెట్ కోడి రెక్క నోట్లో పెట్టుకునే కొట్టాడు. వాళ్ళు అబద్ధం ఆడటం లేదు, వాడంటే నిజంగానే ఇష్టం వాళ్ళకి, అదే నాకు ఒళ్ళు మండిస్తోంది. హార్మన్ గెలవాలి వాళ్ళకి, కొంచెంగా గెలవాలి. క్వింటన్ వంగి బంతి మీద చెయ్యి వేశాడు, వెనక ఆ వేలు విరిగిన కుర్రాడు చేతులు చాపాడు, ఈ గదిలో పద్దెనిమిది కావలసినవాణ్ణి నేనొక్కణ్ణే.